బొమ్మకు రంగు పట్టు విధము



సంక్రాంతికి బొమ్మల కొలువు తీర్చిన యింటికి పోయినవారు మొదట చూచునది రంగును. కృష్ణుని నీలము బాగున్నదనియు, పెండ్లికూతురి చీరకు అంచు చక్కగా దిద్దినారనియు మెచ్చుకొందురు. ఆ రంగు క్రింద ఏమున్నదని అడుగువారు అరుదు. ఆ బొమ్మ ఇరువది కొలువులు చూచునో, మఱుసటి యేటికే ముక్కు మీద పెచ్చు లేచి అటక యెక్కునో తేల్చునది మాత్రము కంటికి కనబడని ఆ క్రింది పనియే. ఆ పనిని గూర్చి నేడు నాలుగు మాటలు చెప్పదలచితిని.

ఇది బొమ్మలు చేయువారి గొడవ, మనకేల అని మీరు అనుకొనవచ్చును. ఇప్పుడట్లు కాదు. పూర్వము కొన్ని గ్రామముల వృత్తికారుల చేతిలో నుండిన పని నేడు ఇంటింటి పిల్లల చేతికి వచ్చినది. రెజిను అను కృత్రిమ పదార్థముతో పోతపోసిన చిన్న బొమ్మలు, వ్రేలెడంత భటులు, బెత్తెడు దేవతామూర్తులు, రథములు, ఏనుగులు, రంగు వేయకుండగనే అమ్మకమునకు వచ్చుచున్నవి. చదువుకొను మనుమడు వానిని తెప్పించి రంగులు వేయును. కొందఱు యువకులు అట్లు వేసి అమ్ముకొని నాలుగు డబ్బులు సంపాదించుచున్నారు కూడ. పెట్టుబడి పెద్దలది, పని చేయు గది పెద్దలది, ఆ గదిలో దోగాడు పసిబిడ్డ కూడ పెద్దల పూచీయే. కావున ఆ పని ఏ తీరున జరుగవలెనో మీరు ఎఱిగియుండుట అవసరము.

మన యాడువారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. దుమ్ము లేచు వాకిట ముగ్గు వేయుదురా? ఊడ్చి, కళ్ళాపి చల్లి, అలికి, ఆ తడి తగినంత ఆఱిన తరువాతనే పిండి పట్టుకొందురు. అలుకగానే పండుగ కాదని సామెత యున్నమాట నిజమే. బొమ్మల విషయమున మాత్రము సగము పండుగ అలుకుటలోనే యున్నది.

మొదట కొండపల్లి సంగతి చూతము. విజయవాడకు చేరువనున్న కొండపల్లిలో బొమ్మలు చేయువారు తాము ఆర్యక్షత్రియులమనియు, తమ పూర్వులు రాజస్థాన ప్రాంతమునుండి వచ్చినారనియు చెప్పుకొందురు. వారు వాడు కఱ్ఱ తెల్లపొణికి. అది మిక్కిలి తేలిక, మెత్తన, ఉలికి లొంగును. దశావతారములు, అంబారీ యేనుగు, తాటిచెట్టెక్కు గీతగాడు, ఎడ్లబండి, ఇవి యన్నియు ఆ కఱ్ఱనుండి వచ్చినవే. చూచువారు చెక్కుటయే గొప్ప పని యనుకొందురు. చెక్కుట గొప్పదే. కాని చెక్కిన తరువాత, రంగు గిన్నె విప్పుటకు ముందు, జరుగు పని దానికి తీసిపోవునది కాదు.

పచ్చికఱ్ఱలో నీరుండును. ఆ నీరు ఒకనాటికి పోక తప్పదు. అది పోవునప్పుడు కఱ్ఱ కుంచించుకొనును. రంగు వేసిన తరువాత కుంచించుకొన్నచో, పైనున్న రంగు తాను కుంచించుకొనలేదు గనుక, బీటలు వాఱును. ఈ చిన్న న్యాయమును తప్పించుకొన్న బొమ్మ ఎక్కడను లేదు. అందుచేత కొండపల్లివారు కఱ్ఱను మొదట ఎండబెట్టుటయే గాక, చెక్కిన ముక్కలను సన్నని సెగకు పట్టి లోపలి చెమ్మను కూడ తీసివేయుదురు. మంట కాదు, సెగ. మంటకు పట్టినచో పైభాగము మాడి లోపల చెమ్మ చెమ్మగానే నిలుచును.

పిమ్మట అతుకు. ఏనుగునకు తొండము, మావటికి చేతులు, ఎద్దునకు కొమ్ములు, ఇవన్నియు వేఱువేఱుగ చెక్కి తరువాత చేర్చునవి. చేర్చుటకు వాడు దానిని మక్కు అందురు. చింతగింజల పిండిని ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపి చేసినదే యీ మక్కు. వట్టి జిగురు చాలదా, పొట్టేల యని అడుగవచ్చును. వట్టి జిగురు ఆఱునప్పుడు మిక్కిలి కుంచించుకొని సందు విడుచును. పొట్టు కలిసినచో అది సందును నింపును; పైగా కఱ్ఱజాతిదే గనుక వానకు ఎండకు కఱ్ఱతో పాటు ఉబ్బుచు తగ్గుచు నుండును. ఈ మక్కుతోనే చిన్న గుంటలు పూడ్తురు, ముక్కు చెవులు దిద్దుదురు. ఆఱిన తరువాత ఆకురాయితోను, గరుకు కాగితముతోను నునుపు చేయుదురు.

అప్పుడు గాని తెలుపు వేయరు. సుద్ద లేక సున్నము జిగురుతో కలిపి బొమ్మ యంతయు పూయుదురు. ఈ తెలుపునకు పని ఒకటి కాదు. కఱ్ఱ దాహము గొన్న పదార్థము. నేరుగా రంగు వేసినచో త్రాగివేయును, పైన మిగులునది వెలవెలపోయిన మరక. తెలుపు ఆ దాహమును ఆపును. రెండవది, కఱ్ఱ యొక్క పసుపు చాయ పైరంగును చెఱచకుండ అడ్డుకొనును. తెల్లని నేల మీద పడిన వెలుతురు తిరిగి రంగుగుండ బయటికి వచ్చుటచేతనే కొండపల్లి ఎఱుపు అంత ఎఱ్ఱగా కనబడును. మూడవది, కంటికి ఆనని గరుకును, ఆకురాయి వదలిన గీతను ఈ తెలుపు బయటపెట్టును. పనివాడు మరల ఒకసారి దిద్దుకొనును. ఇన్ని మెట్లు గడచిన తరువాత కుంచె పట్టుదురు.

ఈ పద్ధతి కొండపల్లికే పరిమితము కాదు. సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో కథలు చెప్పువారి కొఱకు పటములు వ్రాయు నకాషీలు బట్టమీద గంజి, తెల్లసుద్ద, చింతగింజల జిగురు, బంక కలిపిన పూతలు పూసి, ఒకటి ఆఱిన తరువాత ఒకటి వేసి, అటు పిమ్మటనే గీత గీయుదురు. వారు చేయు బొమ్మలకును మొగములకును కూడ రంపపు పొట్టు, చింతగింజల జిగురే ఆధారము. నిర్మల బొమ్మలకును పొణికి కఱ్ఱయే, చింతగింజయే. చింతచెట్టు క్రింద కూర్చుండి గింజలతో ఓమనగుంటలాడిన మనము ఆ గింజకు ఇంత విద్య గలదని తలపము.

ఇందుకు భిన్నమైనది ఏటికొప్పాక. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఆ గ్రామమున అంకుడు కఱ్ఱను తరిణెపై త్రిప్పుచు, రంగు కలిపిన లక్కకడ్డీని దానికి ఒత్తి పట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱకు పట్టుకొనును. మొగలి ఆకుతో ఒత్తినచో అద్దమువలె మెఱయును. అక్కడ తెల్లని నేలపూత లేదు, దాని యవసరమును లేదు. కరగిన లక్కయే కఱ్ఱ సందులలోనికి దిగి, పట్టును రంగును మెఱుగును తానేయై నిలుచును. పసుపు మొదలగు చెట్ల సరుకులతో తీసిన రంగులను ఆ పనిలో మరల నెలకొల్పుటకు పాటుపడిన సి.వి.రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చినది. ఇంతకును చెప్పవచ్చినదేమనగా, నేలపూత యనునది గుడ్డి యాచారము కాదు. పదార్థము అడిగినప్పుడు వేయవలెను, అడుగనిచోట అక్కఱలేదు. పదార్థమేమి అడుగుచున్నదో తెలిసికొనుటయే ముఖ్యము.

ఇక రెజిను సంగతి. ఇది విని క్రొత్త మాయ యని భయపడవలదు. లక్క, గుగ్గిలము, వేపబంక వంటివి పురుగులును చెట్లును ఇచ్చు సహజమైన జిగురులు. రెజిను రసాయనశాలలో చేసిన జిగురు. బేకలండు అను శాస్త్రజ్ఞుడు 1907లో బేకలైటును కనుగొన్నది మొదలు ఇట్టివి పెక్కు పుట్టినవి. బొమ్మలు పోయుటకు తఱచు వాడునది పాలీయురెథేను. దానికి మూలమైన రసాయన క్రమమును జర్మనీలో ఆటో బేయరును ఆయన తోడివారును 1937లో కనుగొనిరి. రెండు ద్రవములను చెప్పిన పాళ్ళలో కలిపి, సిలికోను రబ్బరు అచ్చులో పోయుదురు. కలిసినవెంటనే తమంతట తామే వేడెక్కి, కొలది నిమిషములలో గట్టిపడును. కంటిరెప్ప వెండ్రుక, చొక్కా ముడుత కూడ అచ్చులోనుండి యథాతథముగ దిగును. అంత సూక్ష్మమైన పని చేతి ఉలికి కష్టము; ఆ మాట ఒప్పుకొనవలసినదే.

అయితే కఱ్ఱ చేయని తంటా ఇది యొకటి చేయును. కఱ్ఱ రంగును మితిమీరి త్రాగును. రెజిను అసలే త్రాగదు. పైగా అచ్చునుండి బొమ్మ సులభముగ ఊడి వచ్చుటకై అచ్చు లోపల ఒక జిడ్డు మందు పూయుదురు. ఇడ్లీపళ్ళెమునకు నూనె రాయుట యెట్టిదో ఇదియు అట్టిదే. ఇడ్లీకి అంటిన నూనె నోటికి రుచి. బొమ్మకు అంటిన జిడ్డు రంగునకు శత్రువు. దాని మీద వేసిన రంగు తామరాకు మీది నీటివలె బొట్లు బొట్లుగా విఱిగి నిలుచును. ఒకవేళ పట్టినట్లు కనబడినను, నాలుగు నెలలకు గోటితో గీరగానే పొరగా ఊడి వచ్చును. రంగు కల్తీదని అంగడివానితో జగడమాడువారిలో ఎందఱో బొమ్మను కడుగకయే రంగు వేసినవారు. రంగు నిర్దోషి.

కావున మొదటి పని స్నానము. చేయి ఓర్చునంత గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోము ద్రవపు సబ్బు నాలుగు బొట్లు వేసి, ముక్కలను కొంతసేపు నాననిచ్చి, పాత మెత్తని పండ్లకుంచెతో ముడుతల సందులు, చంకలు, వ్రేళ్ళ నడుమ తోమవలెను. వడిసెలంత చిన్న ముక్కలు నీటితో పాటు కాలువపాలు కాకుండ టీ వడపోసికొను జల్లెడలో పెట్టి కడుగుట మేలు. పిమ్మట రెండుసార్లు మంచినీటితో జాడించవలెను. సబ్బు మిగిలినచో అదియు ఒక జిడ్డే. బట్టపై పఱచి, నీడలో, రాత్రి యంతయు ఆఱనియ్యవలెను. తొందరపడి యెండలో పెట్టరాదు. మన వేసవి యెండకు సన్నని కత్తులు, శూలములు వంగిపోవును. కడిగిన పిదప బొమ్మను వ్రేళ్ళతో నిమురరాదు. చేతి చెమటలో నూనె యుండును. పాదము క్రింద సీసా మూతయో కఱ్ఱముక్కయో అతికించి, దానినే పట్టుకొని పని చేసికొనవలెను.

తరువాతది కోత. పోత పోసినప్పుడు రెజిను ప్రవహించిన దారులు కాడలవలె బొమ్మకు అంటి యుండును. వానిని చేత విఱువరాదు. రెజిను పెళుసు, కాడతో పాటు వ్రేలును విఱుగును. కత్తెరవంటి చిన్న పట్టుకారుతో కొంచెము దూరముగ కత్తిరించి, మిగిలినది కత్తితో మెల్లగ చెక్కవలెను. అచ్చు రెండు సగములు కలిసినచోట ఒక సన్నని గీత బొమ్మ చుట్టు దిగియుండును. ఇది మొగము నడుమ పోయినను పోవచ్చును. దీనిని చూచి, ఇంత సన్నని గీత రంగు క్రింద కప్పబడదా యని పిల్లలు విడిచివేయుదురు. ఇచటనే పొరపాటు. రంగు లోపమును కప్పదు, చాటును. నీళ్ళరంగు పల్లములోనికి జాఱి గీత కిరువైపుల నల్లగ పేరుకొనును. దేవుని నుదుట కోసిన గాటువలె కనబడును. కత్తి వెనుక అంచును నిలువుగ పట్టి గీకినచో గీత పోవును. ఆపైన నాలుగువందల నంబరు గరుకు కాగితము, పిదప ఆరువందల నంబరుది వాడినచో నునుపు వచ్చును.

ఈ గరుకు కాగితము దగ్గఱ మీరు గట్టిగ పలుకవలసిన మాట యొకటి యున్నది. రెజిను పొడి ఊపిరితిత్తులకు చెఱుపు. కఱ్ఱపొట్టు కూడ మంచిది కాదు గాని, రెజిను పొడి మఱింత సన్నన. గాలిలో తేలి చాలసేపు దిగదు. కావున పొడిగ రుద్దరాదు. కాగితమును, బొమ్మను తడిపి రుద్దవలెను. అప్పుడు పొడి నీటిలో బురదగా నిలుచును. ముక్కునకు నోటికి సరిగ అమరు ముసుగు కట్టుకొనవలెను. భుజము మీది తువ్వాలు చుట్టుకొన్నంత మాత్రమున చాలదు. పని ముగిసిన తరువాత చీపురుతో ఊడ్చక, తడిబట్టతో తుడిచి ఆ బట్టను వేఱుగ నుంచవలెను. వంటయింటను, పసిబిడ్డ పండుకొను మంచము దగ్గఱను ఈ పనికి తావియ్యరాదు. కుఱ్ఱవాడు అలిగినను పరవాలేదు.

పోసినప్పుడు చిక్కుకొన్న గాలి బుడగలు గుంటలై కనబడును. కొన్ని పలుచని పొర క్రింద దాగియుండి, రంగు వేసిన తరువాత పగిలి వెక్కిరించును. అందుచేత అనుమానమున్న తావులను సూదిమొనతో తట్టి చూడవలెను. దొరకిన గుంటలను పూడ్చుటకు రెండు ముద్దలుగ దొరకు ఎపాక్సీ మక్కు కలదు. రెండును పిసికి కలిపి తడివ్రేలితో అదిమి, ఆఱిన తరువాత రుద్దుకొనవలెను. చూచితిరా, కొండపల్లి మక్కు చేయు పనినే ఇదియు చేయుచున్నది. పేరు కూడ అదే పెట్టుటకు నాకు సంకోచము తోచలేదు.

వంగిన కత్తి, వాలిన కోలము తగిలినచో పాఱవేయనక్కఱలేదు. బాగుగ కాగి, మరుగు పట్టని నీటిలో ఒక నిమిషముంచినచో రెజిను మెత్తపడును. సరిచేసి చల్లని నీటిలో ముంచినచో ఆ రూపముననే నిలుచును. మరల గొప్ప వేడి తగిలినప్పుడు పాత వంకర తిరిగి వచ్చుటయు కలదు. కాబట్టి అట్టి బొమ్మను కిటికీ యెండలో ఉంచరాదు. అతుకునకు సామాన్యమైన ప్లాస్టిక్కు జిగురు పనికిరాదు. అది ఒక జాతి ప్లాస్టిక్కును కరగించి అతుకునది, రెజినును కరగింపలేదు. సయనోఎక్రిలేటు అను, క్షణములో పట్టు జిగురు వాడవలెను. అది వ్రేళ్ళను కూడ క్షణములోనే అతుకును, జాగ్రత్త. బరువైన రెక్క, చాచిన చేయి వంటివానికి జిగురు ఒక్కటియే చాలదు. రెండు ముక్కలకును సన్నని రంధ్రము తొలిచి, ఒక మిల్లీమీటరు ఇత్తడి తీగ మేకుగ దిగవేసి, అప్పుడు అతుకవలెను. తలుపు చట్రమునకు కుసి తీసి బిగించు వడ్రంగి ఈ మాట విని నవ్వుకొనును. ఆతనికి ఇది పుట్టువిద్య.

ఇప్పుడు నేలపూత. దీనిని ప్రైమరు అందురు. కొండపల్లి సుద్ద చేసిన మూడు పనులలో దాహము నాపుట ఇక్కడ లేదు. దానికి బదులు, పట్టులేని నునుపునకు పట్టు కల్పించుట యున్నది. తక్కిన రెండును సమానమే. తెలుపు వేసినచో పైరంగులు మెఱయును, నలుపు వేసినచో నీడలు లోతుగ వచ్చును, బూడిదరంగు వేసినచో లోపములు చక్కగ కనబడును. క్రొత్తగ నేర్చువారు బూడిదరంగుతో మొదలిడుటయే నా యభిమతము. పిచికారీ డబ్బాను రెండు నిమిషములు బాగుగ కుదిపి, జానెడు మొదలు జానెడున్నర దూరమునుండి, ఒకచోట నిలుపక, చేతిని సాగించుచు పలుచగ వేయవలెను. ఒక్కసారే కప్పవలెనను ఆశ పనికిరాదు. పలుచని పూతలు రెండు మూడు, నడుమ ఆఱుటకు వ్యవధి. దట్టముగ వేసినచో మీసము, కనుబొమ, అందెల నగిషీ అంతయు పూడిపోవును. అచ్చు చేసినవాని శ్రమ మట్టిపాలు.

వేళ కూడ చూడవలెను. ముసురు పట్టిన దినమున వేసినచో గాలిలోని చెమ్మ పూతలో చిక్కి తెల్లని మసక కమ్మును. మే నెల నడిమధ్యాహ్నము వేసినచో రంగు దారిలోనే ఆఱి, బొమ్మను చేరునప్పటికి ఇసుకవలె గరుకై కూర్చుండును. మంచు విడిచిన యుదయము, గాలి లేని వరండా యుక్తము. మూసిన గదిలో ఎన్నడును వేయరాదు. ఆ ఆవిరి మంటకు అంటుకొనునది, తలకు ఎక్కునది. నేలపూత ఆఱిన తరువాత బొమ్మను దీపమునకు అడ్డముగ పట్టి నలువైపుల త్రిప్పి చూచినచో, కడుగునప్పుడు దాగిన గీతలు, గుంటలు ఇప్పుడు నిజము చెప్పును. సిగ్గుపడక మరల దిద్దుకొని, ఆ తావున మరల పూయవలెను. ఇంతవఱకు రంగు సీసా మూత తీయలేదని గమనింపుడు.

రెజినులో మఱియొక జాతి కలదు. దానిని గూర్చి వేఱుగ హెచ్చరింపవలెను. చార్లెస్ హల్ అను అమెరికా దేశీయుడు 1984లో హక్కు కోరి, 1986లో పొందిన పద్ధతి ననుసరించి, వెలుతురు సోకినచోట గట్టిపడు ద్రవముతో పొరమీద పొరగా బొమ్మను నిలుపు యంత్రములు వచ్చినవి. నేడవి చౌకయై కొన్ని యిండ్లలోనికి కూడ చేరినవి. ఇట్లు పుట్టిన బొమ్మ యంత్రమునుండి దిగునప్పుడు పచ్చిదే. ఆ పచ్చిద్రవము చర్మమునకు తగిలినచో దద్దురు పుట్టించును. మాటిమాటికి తగిలినచో ఆ చర్మము ఇక నెన్నటికిని దానిని ఓర్వలేకపోవచ్చును. నైట్రైలు చేతొడుగులు లేనిదే ముట్టరాదు. ఐసోప్రొపైలు ఆల్కహాలులో కడిగి, పూర్తిగ ఆఱిన తరువాత, నీలలోహితాతీత కిరణముల దీపము క్రింద తిప్పి తిప్పి గట్టిపఱచవలెను. ఆ ఆల్కహాలు నిప్పునకు క్షణములో అంటుకొనును; పొయ్యి యున్న గదిలో సీసా విప్పరాదు. లోపల బోలుగ చేసిన బొమ్మకు అడుగున రంధ్రము విడిచి లోపలి ద్రవమును వార్చివేయవలెను. లేనిచో నెలల తరువాత బొమ్మ పగిలి లోపలిది కాఱును, ఎంత చక్కని రంగైనను దానితో పోవును.

కడిగిన ఆల్కహాలును ఏమి చేయుదురని ఇంటి కుఱ్ఱవానిని తప్పక అడుగుడు. కాలువలోనని బదులు చెప్పినచో అప్పుడే ఆపుడు. అది జలములోని జీవులకు విషము. నూతిగట్టున, పశువుల కుడితి తొట్టి దగ్గఱ, పొలము గట్టున పాఱబోయరాదు. నిప్పునకు దూరముగ, పిల్లలకు అందని తావున, మూత గల గాజుపాత్రలో ఎండకు ఉంచినచో అందులోని రెజిను గట్టిపడి అడుగున దిగును. వడపోసి ద్రవమును మరల వాడుకొనవచ్చును. గట్టిపడినదానిని మాత్రమే చెత్తలో వేయవలెను.

పిల్లల మాట వచ్చినది గనుక సీసము సంగతి చెప్పి తీరవలెను. వెనుకటి రంగులలో, ముఖ్యముగ పసుపు, నారింజ, ఎఱుపులలో సీసము కలుపుట వాడుక. అది పసివారి మెదడును చెఱచును. మన దేశమున ఇండ్లకు, అలంకారములకు వాడు రంగులలో పది లక్షల పాళ్ళకు తొంబది పాళ్ళకు మించి సీసముండరాదని 2016లో నియమము చేసిరి; అది 2017 నవంబరునుండి అమలునకు వచ్చినది. పిల్లల ఆటవస్తువులకు ప్రమాణముద్ర ఉండితీరవలెనను ఉత్తరువు 2021 జనవరి మొదటి తేదీనుండి నడచుచున్నది. నమోదైన హస్తకళాకారుల బొమ్మలకును, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకును దానినుండి మినహాయింపు ఇచ్చిరి. మినహాయింపు ఉన్నదని కొనువాడు కన్ను మూసికొనరాదు. ఏ రంగు వాడినారని అడుగుటలో తప్పులేదు. ఇంటిలో రంగు వేసిన రెజిను బొమ్మను పసిబిడ్డ నోటికి అందనియ్యకుడు. అది కొలువునకు, అలమారునకు తగినది. పండ్లు వచ్చుచున్న బిడ్డకు బొమ్మ కావలెనన్నచో చెట్ల రంగులతో చేసిన ఏటికొప్పాక లక్కబొమ్మ నడిగి తెచ్చుట మేలు.

కూలి మాట కూడ ఒకటి కలదు. కొండపల్లిలో గాని, ఇంటి వరండాలో గాని, పనిదినములలో ఎక్కువ భాగము రంగునకు ముందే గడచును. అమ్మకమునకు వచ్చినప్పుడు కొనువాడు రంగును చూచి బేరమాడును. సెగకు పట్టిన రాత్రులకు, మూడుమార్లు రుద్దిన చేతులకు ధర కట్టువాడు లేడు. అందుచేతనే ఆ పని కుదించి, చెమ్మ ఆఱకయే తెలుపు పూసి, దానిమీద మెఱుగు రంగు దట్టించి సగము వెలకు అమ్మువారు పుట్టుచున్నారు. వారిని తప్పుపట్టుటకు ముందు బేరమాడినవారిని తలచుకొనవలెను. పొణికి కఱ్ఱ నానాటికి అడవిలో కొఱతపడుచున్నది. అందులోను దొరకిన కఱ్ఱను తగినంత కాలము ఆఱనియ్యవలెనన్న ఆ యింటిలో అంతకాలము పొయ్యి వెలుగవలెను గదా.

కొనునప్పుడు చూడవలసిన గురుతులు కొన్ని కలవు. బొమ్మను చేతబట్టి అడుగుభాగమును, చంకలను చూడుడు. పైకి కనబడని అచ్చోట కూడ నేలపూత పడియున్నదా యని. కఱ్ఱబొమ్మ తన పరిమాణమునకు మించి బరువుగ తోచినచో చెమ్మ ఆఱలేదేమో యని అనుమానింపుడు. అతుకుల దగ్గఱ వెండ్రుకవంటి బీట యున్నచో ఆ బీట పెరుగును గాని తఱుగదు. ఇంట రంగు వేసిన రెజిను బొమ్మయైనచో, వారము ఆఱిన తరువాత అడుగుభాగమున జిగురు కాగితపు పట్టీ అంటించి చఱ్ఱున లాగి చూడవచ్చును. పట్టీ వట్టిగ వచ్చినచో అంతకు ముందు జరిగిన పని యంతయు జరుగవలసినట్లే జరిగినది. రంగు దానితో వచ్చినచో మొదట చూడవలసినది కడిగిన నీటిని.

అటకమీది పాత బొమ్మల మాట. తాతల నాటి కొలువు బొమ్మలకు పెచ్చులూడినవని, రెజిను బొమ్మకు చెప్పిన వైద్యము వానికి చేయరాదు. మట్టిబొమ్మను నీట ముంచినచో మట్టియే మిగులును. కఱ్ఱబొమ్మను తడిపినచో సుద్ద నాని రంగుతో సహా జాఱిపోవును. పాత రంగులో సీసముండవచ్చును గనుక గరుకు కాగితముతో రుద్దుట మఱింత కీడు. పొడి మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, లేచిన పెచ్చుల క్రింద కొంచెము పలుచని జిగురు సన్నని కుంచెతో దించి, వ్రేలితో అదిమి విడువుడు. పూర్తిగ రంగు పోయిన తావునే చిన్నగ దిద్దించుకొనుడు. మిగిలిన పాతరంగును అట్లే ఉండనిండు; పలుచని నూలుబట్టలో చుట్టి, చెమ్మ తగులని పెట్టెలో, ఒకదానిపై నొకటి ఒరయకుండ వరిగడ్డి నడుమ సర్ది, వచ్చు సంక్రాంతివఱకు దాచుకొనవచ్చును.